నిరీక్షణకూ జీతం ఇవ్వండి: మహిళల ఐస్ హాకీ పెద్దలకు ఒక గోల్‌కీపర్ తల్లి బహిరంగ లేఖ

మహిళల ఐస్ హాకీని నడిపే అంతర్జాతీయ, జాతీయ సమాఖ్యల బాధ్యులకు, ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ యాజమాన్యానికి, ఊరూరా పిల్లల క్లబ్బులు చూసుకునే కమిటీ సభ్యులకు,

నమస్కారం.

నేను మినియాపొలిస్ శివార్లలో ఉంటున్న తెలుగువారింటి తల్లిని. మా అమ్మాయి ఇక్కడి ఒక క్లబ్బులో గోల్‌కీపర్. ఈ లేఖలో ఉన్న విషయాలనే ఇంగ్లిష్‌లో రాసి మొదట మా క్లబ్బు కమిటీకి, తర్వాత పై ఆఫీసులకు పంపాను. క్లబ్బు నుంచి ఉలుకూ పలుకూ లేదు. పైనుంచి మెయిల్ అందిందని రెండు లైన్లు వచ్చాయి, అంతే. అందుకని ఇప్పుడు అందరూ చదివేలా, నా భాషలో రాస్తున్నాను. మన పిల్లలు కూడా ఇక్కడ స్కేట్లు కట్టుకుని మంచు మీదకు దిగుతున్నారు. ఈ ఆటలో గోల్ ముందు నిలబడే ఆడపిల్లకు ముందు ముందు ఏం ఎదురవుతుందో వాళ్ల అమ్మానాన్నలకూ తెలియాలి.

మీరు చేసిన మంచిని ముందే చెప్తాను. 2024 జనవరి 1న టొరంటోలో పీడబ్ల్యూహెచ్ఎల్ (ఉత్తర అమెరికా మహిళల ప్రొఫెషనల్ హాకీ లీగ్) తొలి మ్యాచ్ జరిగింది. న్యూయార్క్ 4-0తో గెలిచింది. ఆ రోజు ఒక్క గోల్ కూడా పోనివ్వని గోల్‌కీపర్ కొరిన్ ష్రోడర్. టీవీ ముందు మా అమ్మాయి సోఫా మీదనుంచి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ కదిలినట్టే కదులుతూ మ్యాచ్ మొత్తం చూసింది. ఆరు జట్లతో మొదలైన లీగ్ 2025-26 సీజన్‌లో వాంకూవర్, సియాటిల్ రాకతో ఎనిమిది జట్లయింది. ఆటగాళ్ల సంఘంతో రాతపూర్వక ఒప్పందం ఉంది. ఇదంతా నిజం, దీనికి నా కృతజ్ఞతలు. ఇక అసలు విషయానికి వస్తాను.

గోల్‌కీపర్ ఉద్యోగం మిగతా ఆటగాళ్ల ఉద్యోగం లాంటిది కాదు. ఫార్వర్డులు, డిఫెన్స్‌వాళ్లు నిమిషానికోసారి మారుతూ అందరూ ఎంతో కొంత ఆడతారు. గోల్ దగ్గర మాత్రం ఒక్కరే. జట్టులో సాధారణంగా ముగ్గురు గోల్‌కీపర్లుంటారు. మ్యాచ్‌కు ఇద్దరు తయారవుతారు, ఒకరు ఆడతారు. మూడో మనిషి మామూలు బట్టల్లో పైన కూర్చుని చూస్తుంది. పైగా ఈ పని ఆలస్యంగా పండుతుంది. పక్ (ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎటు వస్తుందో షాట్ కొట్టకముందే కనిపెట్టే చూపు వేల షాట్లు చూస్తే తప్ప రాదు. ఇరవై రెండేళ్లకు కాలేజీ అయిపోతుంది. గోల్‌కీపర్‌కు అసలు పట్టు దొరికేది ఆ తర్వాతే. ఆ మధ్య ఏళ్లలో ఆమె ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఎవరు నేర్పాలి అన్నది మీరెవరూ మీ బాధ్యత అనుకోలేదు. నా ఫిర్యాదంతా ఇదే.

ఫిన్లాండ్ గోల్‌కీపర్ నూరా రాటి పేరు మీకు కొత్త కాదు. అయినా ఆమె కెరీర్‌ను మొదటినుంచి వరసగా చెప్తాను. అలా చూస్తేనే ఎక్కడెక్కడ తెగిందో కనిపిస్తుంది.

ఫిన్లాండ్‌లోని ఎస్పోలో 1989లో పుట్టింది. పదహారేళ్లకే 2006 టురిన్ ఒలింపిక్స్‌లో ఆడింది. 2010లో వాంకూవర్‌లో కాంస్యం. మా ఊరి మినెసోటా యూనివర్సిటీకి ఆడి 2012, 2013 రెండేళ్లూ జాతీయ టైటిల్ గెలిచింది. 2012-13 సీజన్‌లో ఆ జట్టు 41 మ్యాచ్‌లు ఆడి 41 గెలిచింది. ఫైనల్ ఇక్కడి రిడర్ అరీనాలోనే జరిగింది, బోస్టన్ యూనివర్సిటీ మీద 6-3. అంతటి గోల్‌కీపర్ చేతికి డిగ్రీ వచ్చేనాటికి ఉత్తర అమెరికాలో ఆమెకు జీతమిచ్చే మహిళల లీగ్ ఒక్కటీ లేదు. కెనడాలో సీడబ్ల్యూహెచ్ఎల్ ఉంది కానీ, 2007లో పుట్టిన ఆ లీగ్ 2017 దాకా ఆటగాళ్లకు జీతం ఇవ్వనేలేదు.

2014 సోచి ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఫిన్లాండ్ స్వీడన్ చేతిలో ఓడింది. అప్పుడు రాటి జాతీయ జట్టు నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. వయసు 24. ఆడవాళ్లు ఈ ఆటను వృత్తిగా చేసుకునే దారి లేకపోతే ఆట ముందుకు పోదని అప్పుడే బహిరంగంగా చెప్పింది. తర్వాత ఫిన్లాండ్ మగవాళ్ల రెండో స్థాయి లీగ్‌లో కీకో-వంతా జట్టుకు ఆడింది. మళ్లీ దేశం జట్టులోకి వచ్చింది. 2017లో జీతం కోసం చైనా జట్టు కున్‌లున్ రెడ్ స్టార్‌కు వెళ్లింది. ఆ జట్టు అప్పుడు ఆడింది సీడబ్ల్యూహెచ్ఎల్‌లోనే. ఆ సీజన్‌లో లీగ్‌లోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్ ఆమే. 2018లో ఇంకో ఒలింపిక్ కాంస్యం.

తర్వాతి ఏడు జరిగింది వింటే కడుపు తరుక్కుపోతుంది. 2019 మార్చి 31న సీడబ్ల్యూహెచ్ఎల్ మూసేస్తున్నామని ప్రకటించింది. ఏప్రిల్ మొదటి వారంలో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది, అదీ ఆమె పుట్టిన ఎస్పోలోనే. ఆమె ఆడుతున్న లీగే లేకుండా పోయింది. సెమీస్‌లో ఫిన్లాండ్ 4-2తో కెనడాను ఓడించింది. అమెరికా, కెనడా కాకుండా మరో దేశం ఫైనల్‌కు రావడం అదే మొదటిసారి. ఫైనల్లో రాటి 50 షాట్లు ఆపింది. ఓవర్‌టైమ్‌లో పెట్రా నియెమినెన్ గోల్ కొట్టింది, ఫిన్లాండ్ ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు పడి సంబరం చేసుకున్నారు, వీడియో చూసి ఆ గోల్‌ను రద్దు చేశారు. షూటౌట్‌లో అమెరికా గెలిచింది. టోర్నీ ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు మాత్రం రాటికే ఇచ్చారు.

అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు నిండడానికి నెలన్నర ఉంది. ఇరవై నాలుగేళ్లకు మానేస్తానన్న మనిషి ఆ మాట మీదే ఉండిపోయి ఉంటే ఈ ఆట చూడని మ్యాచ్ అది. రాటి తిరిగొచ్చింది. తిరిగి రాలేనివాళ్లెంతమందో లెక్క ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే వాళ్లు పేరు రాకముందే మానేశారు.

ఇంకో పేరు చెప్తాను. అమెరికా గోల్‌కీపర్ గ్వినెత్ ఫిలిప్స్. నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో ఆమె చేరేసరికి అక్కడ ఏరిన్ ఫ్రాంకెల్ ఉంది, కాలేజీ ఆటలో అప్పట్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఫిలిప్స్ ఏళ్ల తరబడి ఆమె వెనక కూర్చుంది. 2024లో పీడబ్ల్యూహెచ్ఎల్ జట్టు ఆటవా తీసుకుంది. అక్కడా రెండో స్థానమే, ముందు ఎమరెన్స్ మాష్‌మేయర్ ఉంది. 2025 మార్చిలో మాష్‌మేయర్‌కు గాయమైంది, ఫిలిప్స్ గోల్‌లోకి వచ్చింది. ఏప్రిల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ మధ్యలో ఫ్రాంకెల్‌కు దెబ్బ తగిలితే మళ్లీ ఫిలిప్సే దిగింది, ఓవర్‌టైమ్‌లో అమెరికా బంగారం గెలిచింది. ఆ తర్వాత ఆటవాను లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది. అందులో నాలుగు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌లో 2-1తో తేలాయి. కప్పు మినెసోటాకు వచ్చింది, ప్లేఆఫ్స్ ఉత్తమ క్రీడాకారిణిగా మాత్రం ఓడిన జట్టు గోల్‌కీపర్‌నే ఎంచారు. నేను మినెసోటా అభిమానిని, ఆ నాలుగు మ్యాచ్‌లూ ఆమెను తిట్టుకుంటూనే చూశాను.

ఫిలిప్స్ ఎదురుచూసిన ఏళ్లలో ఆమెకు స్కాలర్‌షిప్పులిచ్చే కాలేజీ వ్యవస్థ ఉంది, రోజూ మంచు ఉంది, కోచ్ ఉన్నారు, ఆ తర్వాత జీతమిచ్చే లీగ్ ఉంది. రాటి విషయంలో కాలేజీ దాటాక ఇవేవీ లేవు. ఇద్దరికీ మధ్య తేడా ప్రతిభలో లేదు. కాబట్టి ఎదురుచూసే గోల్‌కీపర్‌ను నిలబెట్టుకోవడం సాధ్యమేనని మీరే రుజువు చేశారు. అయితే అది లీగ్ జట్లలో ఉన్న కొద్దిమందికే పరిమితమైపోయింది.

ఇప్పటి పరిస్థితి వల్ల మామూలు కుటుంబాల మీద, మామూలు ఆడపిల్లల మీద ఏం పడుతోందో వరసగా చెప్తాను.

1. లీగులు మూసినప్పుడల్లా, కలిసినప్పుడల్లా ముందు దెబ్బ గోల్‌కీపర్లకే. 2023 జూన్ చివర్లో, పీడబ్ల్యూహెచ్ఎల్ పుట్టకముందు నడిచిన పీహెచ్ఎఫ్ అనే మహిళల లీగ్‌ను కొనేసి, అందులోని కాంట్రాక్టులన్నీ రద్దు చేశారు. ఆ లీగ్‌లో ఏడు జట్లున్నాయి. ఇటు అప్పట్లో పీడబ్ల్యూహెచ్‌పీఏ అనే ఆటగాళ్ల సంఘం సొంతంగా నడిపిన పోటీల్లో నాలుగు జట్లున్నాయి. పదకొండు జట్ల మనుషులు ఆరు జట్లలో సర్దుకోవాల్సొచ్చింది. ఫార్వర్డ్ అయితే నాలుగో లైనులోనైనా చోటు వెతుక్కుంటుంది. గోల్‌కీపర్‌కు పదకొండు గోల్ స్థానాలు ఆరయ్యాయి, అంతే లెక్క. ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు, ఆ కాంట్రాక్టు నమ్మి వేరే ఉద్యోగం మానేసినవాళ్లు ఏమవుతారు? దీనికి ముందు 2016లో కూడా, అప్పట్లో ఎన్‌డబ్ల్యూహెచ్ఎల్ అనే ఈ లీగే సీజన్ మధ్యలో జీతాలు కోసింది. పదేళ్లలో ఇన్నిసార్లు నేల కదిలితే ఏ తల్లిదండ్రులు బిడ్డను ఇందులోకి ధైర్యంగా పంపుతారు?

2. జీతం. మీ ఒప్పందంలో తొలి సీజన్‌కు కనీస జీతం 35,000 డాలర్లు, జట్టు సగటు 55,000. ఒకప్పుడు సున్నా ఉన్నచోట ఇది పెద్ద అడుగే. ఆ కనీస జీతం మీద ఒక్కో జట్టులో తొమ్మిది మంది వరకు ఉండొచ్చని కూడా అదే ఒప్పందం చెప్తోంది. మ్యాచ్ ఆడే అవకాశమే రాని మూడో గోల్‌కీపర్ ఏ వరసలో ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో ఆ జీతంతో ఒంటరిగా బతకడం ఎంత కష్టమో అక్కడ అద్దె కట్టే మన పిల్లల్ని అడగండి.

3. ఒళ్లు. ఈ కాలం గోల్‌కీపర్లు దాదాపు అందరూ బటర్‌ఫ్లై పద్ధతిలోనే ఆడతారు. రెండు మోకాళ్లూ మంచు మీదకు వాల్చి, కాళ్లు పక్కలకు పరిచి గోల్ అడుగు భాగం మూసేస్తారు. ఒక్క ప్రాక్టీసులోనే ఎన్నిసార్లు వాలి లేస్తారో లెక్కలేదు. ప్రతిసారీ తుంటి కీలు లోపలికి మెలిపడుతుంది. తుంటి కీలు అంచున ఉండే మెత్తటి పొర చిరగడం గోల్‌కీపర్లలో బాగా తెలిసిన సమస్య. పద్నాలుగేళ్లకే "అమ్మా, మెట్లు ఎక్కుతుంటే ఇక్కడ పట్టేస్తోంది" అని పిల్లలు అంటున్నారు. లీగ్‌లో ఉన్నంతకాలం వైద్యం ఉంటుంది. కెరీర్ ముగిశాక ఆపరేషన్ అవసరమైతే ఈ దేశంలో ఆ ఖర్చు ఎవరిది?

4. సామాను. రింక్ లాబీలో బల్ల మీద కూర్చోబెట్టి మా అమ్మాయికి ప్యాడ్లు కట్టేది నేనే. వెనక పట్టీలు ఒకటొకటిగా బిగించాలి, మోకాలి దిండు సరిగ్గా మోకాలి కిందే కూర్చోవాలి. అంతవరకు బాగానే ఉంటుంది. ఛాతీ కవచం దగ్గరే ఇబ్బంది. మాకు దుకాణాల్లో దొరికినవన్నీ మగపిల్లల కొలతలే. భుజాల దగ్గర పైకి లేచి గడ్డానికి తగులుతుంది, చెయ్యి ఎత్తగానే చంక పక్కన ఖాళీ పడుతుంది. పక్ అంటే ఆరు ఔన్సుల గట్టి రబ్బరు బిళ్ల. సరిగ్గా ఆ ఖాళీలో తగిలి, నాలుగు వేళ్ల వెడల్పున నల్లగా కమిలిన మచ్చతో పిల్ల ఇంటికొస్తుంది. ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగతా పిల్లల సామాను కంటే ఇది ఎన్నో రెట్లు, ఎదిగే వయసు కాబట్టి మళ్లీ మళ్లీ కొనాలి. ఒక జీతం మీద నడిచే ఇంట్లో ఆడపిల్ల గోల్‌కీపర్ అవుతానంటే తల్లిదండ్రులు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

5. నేర్పేవాళ్లు. గంట ప్రాక్టీసులో కోచ్ ఇరవై మందికి షాట్ కొట్టడం నేర్పుతుంటే, మా అమ్మాయి గోల్ ముందు దిష్టిబొమ్మలా నిలబడుతుంది. వాళ్లు కొడతారు, ఈమె ఆపుతుంది. పాదం ఎక్కడ పెట్టాలో, గోల్ గీత నుంచి ఎంత ముందుకు రావాలో చెప్పేవాళ్లు లేరు. క్లబ్బును అడిగితే మగపిల్లల పై జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్ ఉన్నారని, అమ్మాయిల జట్టుకు బడ్జెట్ లేదని మౌఖికంగా చెప్పారు. రాసివ్వమంటే రాసివ్వలేదు.

ఇక్కడ ఒక మాట. కెనడా గోల్‌కీపర్ మనోన్ రియోమ్ 1992లో టాంపా బే తరఫున మగవాళ్ల పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ప్రదర్శన మ్యాచ్ ఆడింది. కెనడాకే ఆడి రెండు ఒలింపిక్ బంగారాలు గెలిచిన గోల్‌కీపర్ షానన్ సబాడోస్ అమెరికా దక్షిణాదిలో మగవాళ్ల చిన్న లీగ్‌కు వెళ్లి 2015 డిసెంబర్‌లో ఒక్క గోల్ ఇవ్వకుండా మ్యాచ్ గెలిచింది. ప్రతిసారీ "తొలి మహిళ" అని మీరూ మీడియా సంబరపడ్డారు. నాకూ గర్వమే. అయితే ఒలింపిక్ ఫైనల్లో అమెరికాను సున్నాకు కట్టేసిన గోల్‌కీపర్ మగవాళ్ల కింది స్థాయి లీగ్‌కు వెళ్లాల్సి రావడం విజయం ఎలా అవుతుంది? సొంత ఆటలో ఆమెకు చోటు చూపలేకపోయారు. దాన్ని ఘనతగా చెప్పుకోవడం ఇకనైనా మానండి.

సమాఖ్యలు అడిగితేనే కదులుతాయని 2017లో అందరం చూశాం. ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు మాత్రమే నెలకు వెయ్యి డాలర్లు ఇచ్చే రోజుల్లో, అమెరికా మహిళల జట్టు సొంత గడ్డ మీద జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడబోమని చెప్పేసింది. టోర్నీ మొదలవడానికి మూడు రోజుల ముందు ఒప్పందం కుదిరింది. డబ్బు అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో, మూడు రోజుల ముందు ఎలా బయటికొచ్చిందో మీకే తెలియాలి. మరోవైపు మన దేశం సంగతి చూడండి. లద్దాఖ్ అమ్మాయిలే ఎక్కువగా ఉండే భారత మహిళల జట్టు 2016లో జనం దగ్గర చందాలు పోగు చేసి తొలి అంతర్జాతీయ టోర్నీకి తైపే వెళ్లింది. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చింది. చలికాలం రెండు నెలలు గడ్డకట్టే చెరువుల మీద నేర్చుకుని అక్కడిదాకా వచ్చిన గోల్‌కీపర్‌కు అంతర్జాతీయ సమాఖ్య ఏం ఇవ్వగలదో కూడా ఈ లేఖలో అడుగుతున్నాను.

మా డిమాండ్లు:

1. లీగ్‌కు అనుబంధంగా రెండో స్థాయి పోటీలు పెట్టండి. రెండో, మూడో గోల్‌కీపర్లకు సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు తప్పనిసరి అని రాసిపెట్టండి. అది కుదిరేదాకా, ఏ గోల్‌కీపర్‌నూ కనీస జీతం మీద ఉంచకూడదు. ఫిలిప్స్ లాంటి మనిషి రేపు అవసరమైతే ఈ రోజే ఆమెను పోషించాలి.

2. లీగ్ అమ్ముడైనా, మూసినా, ఇంకోదాంట్లో కలిసినా అప్పటికున్న కాంట్రాక్టుల డబ్బు సీజన్ చివరిదాకా చెల్లించాలి. ఆ డబ్బు ముందే వేరే ఖాతాలో పెట్టండి.

3. ఆట మానేశాక అయిదేళ్ల వరకు తుంటి, మోకాలి వైద్యం ఖర్చు లీగ్, జాతీయ సమాఖ్య కలిసి భరించాలి. గోల్‌కీపర్ల గాయాల వివరాలు పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి.

4. ప్రతి జాతీయ మహిళల జట్టుకు ఏడాది పొడవునా గోల్‌కీపింగ్ కోచ్ ఉండాలి. టోర్నీకి వారం ముందు పిలిచి టోర్నీ అవగానే పంపేసే పద్ధతి ఆగాలి. ఆటలో మిగిలిపోయిన ఆడ గోల్‌కీపర్లకు ఆ ఉద్యోగాల్లో మొదటి అవకాశం ఇవ్వండి.

5. సామాను తయారీ కంపెనీలతో మాట్లాడి అమ్మాయిల కొలతల్లో ఛాతీ కవచాలు మామూలు దుకాణాల్లో దొరికేలా చూడండి. లద్దాఖ్ లాంటి చోట్లకు పూర్తి గోల్‌కీపర్ సెట్లు అంతర్జాతీయ సమాఖ్యే పంపాలి.

6. క్లబ్బుల కమిటీలకు: అబ్బాయిల జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్ ఉంటే అమ్మాయిల జట్టుకూ అవే గంటలు ఇవ్వాలి. పిల్లలు ఎదిగేకొద్దీ మార్చుకునేలా ప్యాడ్లు, మాస్కులు క్లబ్బే కొని అద్దె లేకుండా ఇవ్వాలి. బడ్జెట్ లేదంటే ఆ బడ్జెట్‌ను తల్లిదండ్రులందరికీ చూపించాలి.

చివరగా తోటి తెలుగు తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ క్లబ్బు వార్షిక సమావేశం జరిగినప్పుడు వెళ్లండి, ఆరో డిమాండ్‌ను మినిట్స్‌లో రాయించండి. మెయిల్‌కు జవాబు ఇవ్వకుండా ఊరుకోవచ్చు గానీ, మినిట్స్‌లో ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.

పెద్దలారా, వచ్చే సీజన్ సెలక్షన్లు మొదలయ్యేలోగా ఈ ఆరింటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే ఎందుకో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మినియాపొలిస్ నుంచి,
ఒక గోల్‌కీపర్ తల్లి